కాశిం హెవీ లైసెన్సు

బెజవాడ పక్కన ఇబ్రహీంపట్నం రింగు దగ్గర టీ తాగే లారీవాళ్లలో కాశింని ఎరగనివాళ్లు తక్కువ. థర్మల్ స్టేషన్ నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద తోలే లారీల మీద పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. అన్నేళ్లలో పోలీసు కేసన్నది లేదు. రోడ్డు మీద కుక్కను కూడా తొక్కలేదని చెప్పుకునేవారు. ఏ ఓనరైనా కొత్త బండి దింపితే ముందు కాశిం ఖాళీగా ఉన్నాడేమో కనుక్కునేవాడు.

ఆ పేరులో సగం ఎలీషాది. ఎలీషాది కొండపల్లి. కాశిం కంటే రెండేళ్లు పెద్ద. డ్రైవరు కావాలనే ఆశ లేకుండా క్లీనర్‌గానే బతుకంతా గడిపేసిన మనిషి. బండి కదిలిందంటే ఎడమ కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, తలుపు మీద అరచేత్తో కొడుతూ చెప్పేవాడు: "రానీ, రానీ... సైకిలోడున్నాడు, ఆగు... ఆ, పోనీ." కాశిం ఆ గొంతు వింటూ తోలేవాడు. ఇద్దరికీ అది ఎంత అలవాటైపోయిందంటే, ఎలీషా జ్వరంతో పడుకున్న రోజున కాశిం కూడా బండి తియ్యకుండా ఇంట్లో ఉండిపోయేవాడు.

చీకటి పడ్డాక తోలడం కాశింకి నచ్చదు. ఎదురు బళ్ల లైట్లు కళ్లలో కొడతాయనేవాడు. ఆ మాట అనని డ్రైవరు ఉండడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పొద్దు వాలేసరికి ఏ డాబా దగ్గరో బండి పక్కకు పెట్టేసి, తెల్లవారాక మళ్లీ బయల్దేరేవాడు. లోడు కాస్త ఆలస్యమైనా భద్రంగా చేరుతుంది కదా అని ఓనర్లు సరిపెట్టుకునేవారు.

ఒమన్‌లో సోహార్ దగ్గర ఒక క్రషర్ కంపెనీకి డ్రైవర్లు కావాలని తెలిసినప్పుడు కాశింకి నలభై రెండేళ్లు. బూడిద లోడింగ్ కోసం బళ్లు రోజుల తరబడి వరసలో నిలబడుతున్న కాలమది. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి గదిలో ఇంటర్వ్యూ చేశారు. ఊరి బయట ఖాళీ స్థలంలో టిప్పర్ ఇచ్చి ముందుకీ వెనక్కీ నడిపించి చూశారు. వెనక ఎలీషా నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. కాశిం ఒక్క ఊపులో బండిని గీతల మధ్య పెట్టేశాడు.

గన్నవరంలో విమానం ఎక్కే రోజున ఎలీషా కూడా వచ్చాడు. భార్య ఫరహత్, పిల్లలు అఫ్రాజ్, ఫౌజియా, తల్లి బేగం బీ అందరూ వరసగా నిలబడి ఉంటే, ఎలీషా కాశింని పక్కకు పిలిచాడు.

"అక్కడ నీ పక్కన ఎవరు కూర్చుంటార్రా?"

"ఎవరూ కూర్చోరంట. క్లీనర్లే ఉండరంట ఆ దేశంలో. అద్దాలు చూసుకుంటా డ్రైవరే తోలుకోవాలంట."

"అద్దాల్లో ఏం కనపడుద్దిరా? జాగర్త," అన్నాడు ఎలీషా.

అక్కడికి వెళ్లాక తెలిసింది, మన లైసెన్సు అక్కడ చెల్లదని. పరీక్షలు పాసై ఆ దేశపు హెవీ లైసెన్సు తెచ్చుకునేదాకా స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. అప్పటిదాకా క్రషర్ దగ్గర పార పట్టుకుని బెల్టు కింద రాలిన రాయి ఎత్తాలి.

మొదటిది కళ్ల పరీక్ష. గోడ మీద బోర్డులో అక్షరాలు అడుగు వరస దాకా గడగడా చదివేశాడు కాశిం. ఈ వయసులో ఇంత చూపు ఉండటం అదృష్టమన్నాడు పరీక్ష చేసినతను. రెండోది రోడ్డు గుర్తుల పరీక్ష, కంప్యూటర్ మీద. ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే కదా అని ఉర్దూ ఎంచుకున్నాడు. తెర మీద అక్షరాలు చూశాక పొరపాటు తెలిసింది. తను చదివింది మున్సిపాలిటీ తెలుగు బడిలో. ఉర్దూలో మొదటి అక్షరం అలిఫ్ కూడా పోల్చుకోలేడు. చెవికి పెట్టిన హెడ్‌ఫోన్లో ఎవరో ప్రశ్నలు చదివి వినిపించబట్టి గట్టెక్కాడు.

మూడోది డ్రమ్ముల పరీక్ష. రెండు వరసలుగా ఖాళీ డ్రమ్ములు నిలబెట్టి, వాటి మధ్య నుంచి బండిని వెనక్కి తీసుకురమ్మంటారు. ఒక్క డ్రమ్ముకు తగిలినా పోయినట్టే. మొదటిసారి కుడివైపు చివరి డ్రమ్ము పడింది. పోలీసాయన కిందికి దిగమని చేత్తో సైగ చేశాడు. రెండోసారీ కుడివైపు డ్రమ్మే. మూడోసారీ అంతే. స్టీరింగ్ ఎడమవైపు ఉండటం వల్ల లెక్క తప్పుతోందని అనుకున్నాడు కాశిం. పద్దెనిమిదేళ్లుగా కుడిపక్క కూర్చుని తోలిన చెయ్యి కదా, అదే సర్దుకుంటుందనుకున్నాడు. తనతో వచ్చిన కుర్రాళ్లందరూ లైసెన్సులు తెచ్చుకుని బళ్లెక్కారు. కాశిం పార పట్టుకునే ఉన్నాడు.

క్యాంపులో అతని గదిలోనే ఉండేవాడు సురేష్. గుడివాడ అవతల ముదినేపల్లి అతనిది. కంపెనీలో మెకానిక్కు. ముప్పై దాటి రెండు మూడేళ్లుంటాయి. నోరు ఊరుకునేది కాదు. ఎవరి బండిలో ఏ చప్పుడొచ్చినా గదిలో కూర్చునే చెప్పేవాడు, ఎవరి ముఖంలో దిగులున్నా అంతే తొందరగా కనిపెట్టేవాడు. గోంగూర పచ్చడి సీసా మూత తీస్తూ ఒకరోజు అడిగాడు.

"ఏంటన్నా, మళ్లీ పోయిందా?"

"పోయింది తమ్ముడూ. ఇంటికి పంపించేస్తారేమో."

"ఎందుకు పంపిస్తారు? శుక్రవారం సెలవేగా. నేను నేర్పిస్తా రా."

శుక్రవారం పొద్దున్నే సురేష్ పాత తారు డ్రమ్ములు దొర్లించుకొచ్చి క్యాంపు వెనక మైదానంలో నిలబెట్టాడు. రిపేరుకొచ్చిన టిప్పర్ ఒకటి తాళం అడిగి తెచ్చాడు. కాశిం వెనక్కి తీశాడు. ధన్‌మని కుడివైపు డ్రమ్ము పడింది. సురేష్ నవ్వలేదు. బండి మెట్టు మీద నిలబడి, రెండోసారి బండి కదులుతుంటే కాశిం ముఖాన్నే చూశాడు.

"నువ్వు కుడి అద్దం చూడట్లేదన్నా."

"చూస్తానే ఉన్నా కదయ్యా!"

"కళ్లు తిప్పుతున్నావంతే. మెడ తిప్పు. ముఖం మొత్తం అద్దానికేసి పెట్టు. అక్కడ డ్రమ్ము కనపడేదాకా ముందుకు తిరగబాక."

కాశిం ముఖం అంతా తిప్పాడు. అప్పటిదాకా లేని డ్రమ్ము అప్పుడే అక్కడ మొలిచినట్టు కనిపించింది. "ఆఁ, ఉంది," అన్నాడు ఆశ్చర్యంగా. "ఉండక ఎక్కడికి పోద్ది?" అని సురేష్ పకపకా నవ్వాడు.

వరసగా కొన్ని శుక్రవారాలు అదే పని. ముఖం కుడికి, ముఖం ఎడమకి, మళ్లీ కుడికి. మెడ పట్టేసి పడుకోవడానికి ఇబ్బందయ్యేది. సురేష్ జండూబామ్ రాసేవాడు. నాలుగోసారి పరీక్షకు వెళ్తే డ్రమ్ముల మధ్య నుంచి బండి నీళ్లలో చేపలా వచ్చేసింది. తర్వాత రోడ్డు పరీక్షలో పక్కన కూర్చున్న పోలీసాయన, ఇంత ఒద్దికగా అద్దాలు చూసే డ్రైవరు ఈమధ్య కాలంలో రాలేదని అరబ్బీలో ఏదో అన్నాడట. అక్కడున్న ఒకతను హిందీలో చెప్పాడు. లైసెన్సు కార్డు చేతికొచ్చిన రోజు క్యాంపులో సురేష్ కోడి పలావు వండాడు. కాశిం వీడియో కాల్‌లో కార్డును ఫరహత్‌కి చూపించాడు, బేగం బీకి చూపించాడు, చివరికి ఎలీషాకి కూడా చూపించాడు.

ఏడెనిమిది నెలలు ఏ చిక్కూ లేకుండా గడిచాయి. కొండ దగ్గర క్రషర్ నుంచి పోర్టు దాకా రాయి తోలడం. తిన్నటి రోడ్డు, మనుషులు లేని రోడ్డు. పగటి షిఫ్టు.

చలికాలం మొదలయ్యాక పోర్టుకు ఓడలు వరసగా రావడంతో ఫోర్‌మన్ షిఫ్టులు మార్చాడు. కాశింకి మధ్యాహ్నం ఎక్కి రాత్రి దిగే షిఫ్టు పడింది. మర్నాడే వెళ్లి ఫోర్‌మన్‌ని అడిగాడు.

"సార్, నాకు పగలు ఇప్పించండి. చీకటైతే నాకు చూపు సరిగా ఆనదు."

ఫోర్‌మన్ తలెత్తాడు. "హెవీ లైసెన్సు ఉన్నవాడివి, చూపు ఆనదంటావేంటి? అలాగైతే ఆ కార్డు ఇలా ఇచ్చెయ్. పోలీసులకి అప్పజెప్పి నిన్ను ఇంటికి పంపిస్తాను."

కాశిం చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. కార్డు అక్కడే ఉంది. దానికోసం ఎన్ని నెలలు పార పట్టాడో, మెడ ఎంత నొప్పి పెట్టిందో అంతా గుర్తొచ్చింది. "లేదు సార్. ఏదో మాటవరసకన్నాను. తోలతాను," అని బయటికొచ్చేశాడు.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. సురేష్‌కి కూడా.

ప్రమాదం క్రషర్ యార్డులోనే జరిగింది. పొద్దు గుంకే మగ్రిబ్ నమాజు వేళ. ఆకాశంలో ఇంకా కాస్త వెలుతురుంది. యార్డు నిండా రాతి పొడి లేచి ఉంది. ఒక టిప్పర్ బ్రేకు గాలి పైపు లీకవుతోందంటే సురేష్ దాని కింద దూరి బిగించి, లేచి నిలబడ్డాడు. పక్కన లోడు ఎత్తుకున్న కాశిం బండి కదలబోతోంది. కొంచెం ఆగమని సురేష్ చెయ్యెత్తాడు. కాశిం అలవాటు ప్రకారం ముఖం కుడికి తిప్పి అద్దం చూశాడు. అద్దం నిండా పొడి, బూడిదరంగు మసక. మనిషి కనిపించలేదు. కుడికి కోసి బండి తిప్పాడు. ముందు చక్రాలు దాటిపోయాయి. వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వచ్చాయి.

కేక కూడా వినపడలేదతనికి. ఎదురుగా ఉన్న మనుషులు చేతులూపుతూ తనవైపు పరిగెత్తుకొస్తుంటే, ఎందుకొస్తున్నారో తెలియక బ్రేకు తొక్కాడు.

సురేష్ బతికాడు. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

పోలీసులు కార్డు తీసుకున్నారు. కొన్నాళ్లు స్టేషన్‌లో ఉంచి కంపెనీ పూచీ మీద వదిలారు. బయటికి రాగానే కాశిం ఆసుపత్రికి వెళ్లాడు. సురేష్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మందుల మత్తులో మాట ముద్దగా వచ్చింది.

"చెయ్యెత్తాను కదన్నా. నువ్వు ముఖం తిప్పి సరిగ్గా నావైపే చూశావు. చూసి కూడా ఎట్టా తిప్పావు?"

"కనపడలేదు తమ్ముడూ. అల్లా మీద ఆన, నువ్వు కనపడలేదు."

సురేష్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నమ్మలేదని కాశింకి అర్థమైంది. కొద్దిరోజులకే సురేష్‌ని ఇండియాకి పంపించేశారు. విమానం దగ్గరికి వెళ్లడానికి కాశింకి అనుమతి లేదు.

అద్దం చూసిన డ్రైవరుకు అంత దగ్గర్లో ఉన్న మనిషి ఎందుకు కనపడలేదో తేల్చాలని పోలీసులు అతన్ని కళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. చీకటి గదిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. పెద్ద తెల్లటి గిన్నెలో తల పెట్టినట్టుంది. మలయాళీ నర్సు ఒకామె చేతికి ఒక బటన్ ఇచ్చింది. కన్ను మధ్య చుక్క మీదే ఉంచాలి, చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి.

కాశిం మధ్య చుక్కనే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి ఒకసారి నొక్కాడు. మళ్లీ చాలాసేపటికి ఇంకోసారి. మధ్యలో విసుగొచ్చి అడిగాడు.

"ఎప్పుడు మొదలుపెడతారండీ?"

నర్సు యంత్రం మీంచి తలెత్తి చూసింది. తర్వాత మెల్లగా అంది. "మొదలై చాలాసేపైంది భాయ్. వెలుగులు వస్తూనే ఉన్నాయి."

డాక్టరు కాగితం మీద పెద్ద గుండ్రం గీసి, దాన్నంతా నల్లగా దిద్ది, మధ్యలో రూపాయి బిళ్లంత తెలుపు వదిలాడు. "నీకు కనపడేది ఇంతే. గొట్టంలోంచి చూస్తున్నట్టు. బోర్డు మీద అక్షరాలు ఎదురుగా ఉంటాయి కాబట్టి బాగా చదివావు. పక్కన ఉన్నదేదీ నీ కంటికి లేదు. చీకటి పడితే ఎదురుగా ఉన్నదీ సరిగా ఉండదు. ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు, ఏళ్ల తరబడి మూసుకుపోతూ వచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఉందా?"

బేగం బీకి రేచీకటి. పొద్దుగూకితే గుమ్మం దాటదు. కాశిం పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే అది. తల్లికి మోకాళ్ల నొప్పులున్నట్టే అదీ ఒకటి అనుకున్నాడు ఇన్నాళ్లూ.

గదికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఎడమపక్కన పద్దెనిమిదేళ్లు ఎలీషా కళ్లతో తోలాడు. ఇక్కడికొచ్చాక సురేష్ నేర్పిన మెడతో తోలాడు. మెడ తిప్పడం నేర్పకపోతే ఎన్నిసార్లయినా డ్రమ్ము పడేది. లైసెన్సు వచ్చేది కాదు. ఇంటికి పంపించేసేవారు. సురేష్ రెండు కాళ్లతో ఉండేవాడు. ఆ లెక్క అక్కడితో ఆపేయాలని చూశాడు గానీ మనసు వినలేదు. ఫోర్‌మన్ గది గుర్తొచ్చింది. అక్కడ తను నోరు మూసుకుని బయటికి రావడం గుర్తొచ్చింది.

కోర్టు లైసెన్సు రద్దు చేసింది. కంపెనీ టిక్కెట్టు చేతిలో పెట్టి పంపించేసింది.

ఇంటికొచ్చాక ఫోర్‌మన్ మాటతో సహా సంగతంతా విని ఫరహత్ ఏడ్చింది. బేగం బీ మాత్రం ఒప్పుకోలేదు. "నాది రేచీకటిరా నాయనా, జబ్బు కాదు. మా అమ్మకీ ఉండేది. నా వల్ల నీకేం రాలేదు," అని వాదించింది. ఆ తర్వాత రెండు రోజులు అన్నం సరిగా ముట్టలేదు. ఇది వంశంలో దిగే జబ్బని, పిల్లల్ని కూడా చూపించమని డాక్టరు చెప్పాడు కదా అని పిల్లలిద్దర్నీ బెజవాడలో కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లారు. అఫ్రాజ్‌కి ఏమీ లేదన్నారు. ఫౌజియాకి ఇప్పుడే చెప్పలేమన్నారు, ఏటా తీసుకొచ్చి చూపించమన్నారు. ఫౌజియా తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుని కబుర్లు చెబుతూనే ఉంది. కాశిం, ఫరహత్ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ గాజు సామాన్ల కొట్లో కాశింకి ప్యాకింగ్ పని దొరికింది. గ్లాసులకు గడ్డి చుట్టి పెట్టెల్లో సర్దడం. కూర్చుని చేసే పని, ఎదురుగా ఉన్నది చూస్తే చాలు. పొద్దు వాలకముందే పంపించేస్తారు.

ముదినేపల్లి వెళ్లాలని వచ్చినప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాడు. ఎండలు ముదిరాక ఒక ఆదివారం డాక్టరు కాగితాలు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. గుడివాడలో బస్సు మారాడు. ఆ తర్వాత రోడ్డుకు రెండువైపులా చేపల చెరువులే. సురేష్ ఇల్లు అడిగితే వెంటనే చూపించారు. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని, చెరువుల్లో గాలి కోసం తిప్పే మోటార్లు రిపేరు చేస్తున్నాడు. ఎత్తు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పెట్టుడు కాలు పక్కన గోడకి ఆనించి ఉంది.

కాశింని చూసి చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "కూర్చో అన్నా," అన్నాడు.

సురేష్ భార్య మంచినీళ్లు తెచ్చిచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది. కాశిం కాగితాలు తీసి చూపించాడు. నల్లటి గుండ్రం, మధ్యలో తెల్ల చుక్క. డాక్టరు ఏం చెప్పాడో, బటన్ ఎన్నిసార్లు నొక్కలేకపోయాడో అంతా చెప్పాడు. సురేష్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. అతని ముఖంలో బిగువు మెల్లగా సడలింది.

"అయితే నిజంగానే కనపడలేదా నేను?"

"లేదు తమ్ముడూ."

"నేనేమో చూసి కూడా తొందరలో తిప్పేశావనుకున్నా. రోజూ అదే అనుకుంటా పడుకునేవాణ్ణి." భార్య వైపు తిరిగి, "విన్నావా? అన్నకి తెలీదంట," అన్నాడు. మళ్లీ కాశిం వైపు తిరిగాడు. "భోంచేసి వెళ్దువుగాని. చేపల పులుసు ఉంది."

అక్కడితో లేచి కాళ్లు కడుక్కుంటే సరిపోయేది. కాశిం లేవలేదు.

"ఇంకో మాటుంది సురేష్. చీకట్లో ఆనదని నాకు తెలుసు. పక్కచూపు లేదని తెలీదు గానీ, చీకట్లో ఆనదని తెలుసు. షిఫ్టు మార్చినప్పుడు ఫోర్‌మన్‌కి చెప్పాను. ఆనకపోతే లైసెన్సు ఇచ్చెయ్ అన్నాడు. భయపడి, తోలతానన్నాను."

సురేష్ కాగితం బల్ల మీద పెట్టాడు. షెడ్డు బయట ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"నాకు చెప్పలేదే? ఒకే గదిలో పడుకున్నాం కదన్నా."

"చెప్పలేదు."

"చెప్పుంటే ఆ యార్డులో నీ బండి పక్కన నిలబడేవాణ్ణా నేను?"

సురేష్ భార్య లోపలికి వెళ్లిపోయింది. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది.

"ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందన్నా," అన్నాడు సురేష్. గొంతులో కోపం లేదు, అలసటగా ఉంది. "ఈ కాగితం చూశాక నీ మీద ఉన్నదంతా దిగిపోయింది. మళ్లీ తెచ్చి పెట్టావు. ఇంక రాబాక. వస్తే నేను మంచిగా మాట్లాడలేను."

"సరే తమ్ముడూ," అన్నాడు కాశిం. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, పొద్దుండగానే బస్సెక్కి ఇల్లు చేరాడు.

ఫరహత్ అన్నం పెడుతూ అడిగింది. "ఏమన్నాడండీ?"

"రావొద్దన్నాడు."

"ఫోర్‌మన్ సంగతి చెప్పారా?" కాశిం తలూపాడు. ఫరహత్ గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఎందుకు చెప్పారు? ఎవరడిగారు మిమ్మల్ని? ఆ మనిషి ఎంత స్థిమితపడేవాడో, మీరెంత స్థిమితపడేవారో!"

"వాడికి తెలియకుండా వాడి ఇంట్లో అన్నం ఎట్టా తినను?" అన్నాడు కాశిం.

ఫరహత్ గరిటె మళ్లీ తీసుకుంది. అతని కంచం చూపుకు ఆనేలా కాస్త మధ్యకు జరిపి, పప్పు వడ్డించింది. అతను ముందున్న అన్నం వైపు చూస్తూ కలుపుకోవడం మొదలుపెట్టాడు.